చల్లని సముద్రపు అడుగు చేపల మీద వరంగల్ నుంచి పరిశోధన మొదలుపెట్టడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: హనుమకొండలో ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం చదువుతున్నారు. బల్లపరుపు ఒళ్లుండే ప్లేస్, హాలిబట్, ఇంకా కాడ్ వంటి చల్లని సముద్రపు అడుగు చేపలు ఎలా పుడతాయి, ఎలా ఎదుగుతాయి అన్న అంశం మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఓరుగల్లుకు సముద్రమే లేదు, అందులో చల్లని సముద్రం ఎక్కడి నుంచి తెస్తావని తోటివారు నవ్వుతున్నారు. చేప వయసు అసలు ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఉండగానే ఏం నేర్చుకోవచ్చు? ఎక్కడ మొదలుపెట్టాలి?

నవ్వేవాళ్లను నవ్వనివ్వండి. నేనూ ఇక్కడి చెరువు చేప తిని పెరిగినవాణ్ణే. ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం ఉత్తర ఐరోపా తీరంలోని ప్రయోగశాలల్లో చేపల వయసు తేల్చే చెవిరాళ్లు చదవడంలో గడిచింది. ఈ పనికి ఓపిక కావాలి, మంచి సూక్ష్మదర్శిని కావాలి, తన లెక్కను తానే అనుమానించే బుద్ధి కావాలి. మొదటి రెండూ ఎక్కడైనా దొరుకుతాయి. మూడోది సముద్రం ఒడ్డున పుట్టినవారికి కూడా అంత తొందరగా అబ్బదు. సమాధానం కాస్త పొడుగ్గానే ఉంటుంది, తీరిక చేసుకుని చదవండి.

ముందుగా చలి ఏం చేస్తుందో బాగా మనసుకు పట్టించుకోవాలి. మన విత్తన క్షేత్రాల్లో వానాకాలంలో రోహు గుడ్డు 14 నుంచి 20 గంటల్లో పగులుతుంది. మూడు రోజుల్లో సొన కరిగిపోతుంది, ఆ వెంటనే స్పాన్, అంటే చిట్టి పిల్లల విత్తనం, అమ్మకానికి సిద్ధం. ఉత్తర సముద్రంలో ప్లేస్ గుడ్డుకు 6 డిగ్రీల నీటిలో దాదాపు మూడు వారాలు పడుతుంది. అట్లాంటిక్ హాలిబట్ సంగతి ఇంకా విచిత్రం. సుమారు 3 మిల్లీమీటర్ల పెద్ద గుడ్డు, లోతు నీటి చీకట్లో తేలుతూ రెండు వారాలు దాటాక పగులుతుంది. బయటపడిన పిల్లకు నోరు కూడా సరిగ్గా ఏర్పడి ఉండదు. సొనసంచిని మోసుకుంటూ మరో నెలన్నర గడిపాకే అది మొదటిసారి మేత ముట్టుకుంటుంది. ఆ పాటికి మన రోహు పిల్ల వేలెడంతయి చెరువులో ఈదుతూ ఉంటుంది.

ఈ తేడాను సరిచూసుకోవడానికి ఉష్ణోగ్రతను రోజులతో గుణించి డిగ్రీ-రోజులు అని ఒక లెక్క వాడతారు. చేపకు అలవాటైన ఉష్ణోగ్రతల నడుమ ఆ లెక్క బాగానే నప్పుతుంది. అంచులకు వెళ్లేసరికి తప్పుతుంది. సున్నాకు దగ్గరగా ఉన్న నీటిలో ఎదుగుదల ఆ గుణకారానికి లొంగదు. పాఠ్యపుస్తకంలో సరళరేఖ కనిపించిందని దాన్ని రెండు వైపులా పొడిగించకండి.

ఇక నిదానం వల్ల వచ్చే చిక్కు. ఒకే ఏడాది పుట్టిన ఒక తరం పిల్లల్లో రోజుకు నూటికి అయిదు చొప్పున చనిపోతున్నాయని అనుకుందాం. పిల్ల దశ 60 రోజుల్లో ముగిస్తే లక్షలో దాదాపు 4,600 మిగులుతాయి. అదే దశ 80 రోజులు సాగితే మిగిలేవి 1,650 మాత్రమే. ఇరవై రోజుల ఆలస్యం మిగలవలసిన వాటిలో దాదాపు మూడింట రెండు వంతులను మింగేసింది. ఈ లెక్క చూసిన విద్యార్థి వెంటనే ‘చలి పెరిగితే చేపలు తగ్గుతాయి’ అని రాసేస్తాడు. సముద్రం మాత్రం అంత తేలిగ్గా లొంగదు. ఉత్తర సముద్రంలో 1963, 1985, 1996 సంవత్సరాల్లో పుట్టిన ప్లేస్ తరాలు అసాధారణంగా పెద్దవి. మూడూ కఠినమైన చలికాలాల్లో పుట్టినవే.

కారణం తెలియాలంటే ఆ చేప బాల్యం తెలియాలి. నడి చలికాలంలో ఉత్తర సముద్రపు దక్షిణ భాగంలో తల్లి చేపలు గుడ్లు వదులుతాయి. గుడ్లు నీటిలో తేలుతూ ప్రవాహంతో పాటు హాలండ్, జర్మనీ తీరాల వైపు కదులుతాయి. పుట్టిన పిల్ల మామూలు చేపపిల్లలాగే నిటారుగా ఈదుతుంది, రెండు వైపులా ఒక్కో కన్ను. ఒక సెంటీమీటరు దాటే వేళకు ఎడమ కన్ను నెత్తి మీదుగా జరిగి కుడి వైపుకు చేరుతుంది, ఒళ్లు బల్లపరుపవుతుంది, పిల్ల ఎడమ పక్కన ఒరిగి ఇసుక మీద పడుకోవడం మొదలుపెడుతుంది. తీరానికి దగ్గరపడే దశలో ఇంకో ఉపాయం కూడా ఉంది. పోటు వచ్చినప్పుడు నీటిలో పైకి లేస్తుంది, ఆటు సమయంలో అడుగుకు దిగుతుంది. రెక్కల బలం లేకుండానే పోటు దాన్ని ఒడ్డు వైపు మోసుకుపోతుంది. అలా లోతు తక్కువైన ఇసుక మేటల మీదికి చేరిన పిల్లలను గోధుమ రంగు రొయ్యలు కాచుకుని తింటాయి. పిల్ల 3 సెంటీమీటర్లు దాటితే గాని ఆ గండం గడవదు. బాగా చలిపడిన ఏడాది గుడ్లను, పిల్లలను తినే జీవులు కూడా మందగిస్తాయి, రొయ్యలు ఆ మేటలకు ఆలస్యంగా చేరతాయి. ఎదుగుదల నిదానించి పోయినదాని కంటే శత్రువులు నిదానించి మిగిలినది ఎక్కువన్న మాట. అందుకే చల్లని నీటి చేప పిల్ల దశ గురించి రాసేటప్పుడు ఉష్ణోగ్రతకు ఎదుగుదల ఒక్కటే జత చేస్తే కథ సగమే.

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. కొన్నేళ్లు చేపలు విపరీతంగా పడి, కొన్నేళ్లు వలలు ఖాళీగా ఎందుకు వస్తాయని నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లో లోతుగా చర్చించాడు. 1904లో పుట్టిన ఒకే ఒక్క హెర్రింగ్ తరం ఏళ్ల తరబడి నార్వే వేటను పోషించిందని వయసు లెక్కలతో చూపాడు. సొన అయిపోయి మొదటి మేత దొరకవలసిన ఆ కొద్ది రోజుల్లోనే తరం తలరాత తేలుతుందని ఆయన ఊహ. ఆ తర్వాత మత్స్య శాస్త్రవేత్త డేవిడ్ కుషింగ్, పిల్లలు పుట్టే కాలమూ వాటి మేత పుట్టే కాలమూ కలిశాయా తప్పాయా అన్నదే కీలకమని వాదించాడు. ప్లేస్ రొయ్యల ఉదంతాన్ని పక్కన పెట్టి చూస్తే ఇద్దరూ మేత వైపే ఎక్కువ చూశారని నాకనిపిస్తుంది. తినడం కన్నా తినబడటం చాలాసార్లు పెద్ద సంగతి.

ఇప్పుడు వయసు. చేప తలలో సమతూకానికీ వినికిడికీ ఉపయోగపడే మూడు జతల చెవిరాళ్లు ఉంటాయి: సజిట్టా, లాపిల్లస్, ఆస్టెరిస్కస్. కాల్షియం కార్బనేట్‌తో పొర మీద పొరగా పెరుగుతాయి. పస్తులున్న చేప ఎముకలోంచీ పొలుసులోంచీ ఖనిజాన్ని వెనక్కి లాక్కోగలదు గాని, చెవిరాయిని సాధారణంగా కరిగించుకోదు. అందుకే దాన్ని నమ్ముతాం. కార్ప్ పొలుసుల మీద ఏటి గుర్తులున్నాయని హాఫ్‌బవర్ 1898లో, ప్లేస్ చెవిరాళ్లలో వయసు తెలుస్తుందని రైబిష్ 1899లో చూపారు. రోజుకో సన్నని వలయం కూడా పడుతుందని జార్జియో పన్నెల్లా 1971లో బయటపెట్టేదాకా ఏడాదికన్నా చిన్న చేప వయసు లెక్కించే దారి లేదు. పిల్ల దశ మీద ఇవాళ జరుగుతున్న పనిలో చాలా భాగం ఆ ఒక్క పరిశీలన మీద నిలబడి ఉంది.

చల్లని సముద్రంలో వేసవి పట్టీ వెడల్పుగా, చలికాలపు పట్టీ సన్నగా పడుతుంది. కొత్తవాళ్లను తికమకపెట్టేది వెలుతురు. నల్లని పళ్లెంలో రాయి పెట్టి పై నుంచి వెలుగు వేస్తే వేసవి పట్టీ తెల్లగా, చలికాలపు పట్టీ నల్లగా కనిపిస్తాయి. అడుగు నుంచి వెలుగు పంపితే ఇవే తారుమారవుతాయి. ఏ వెలుతురులో చదివారో నోటు పుస్తకంలో రాయకపోతే ఏడాది తర్వాత మీ లెక్క మీకే అర్థం కాదు. ఇంకో ఆచారం కూడా గుర్తుంచుకోండి: ఉత్తరార్ధగోళపు చేపలన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజు. బడిలో చేర్చేటప్పుడు పంతులుగారు మన పెద్దవాళ్లందరికీ జూన్ ఒకటో జూలై ఒకటో రాసేసినట్టే ఇదీను. పట్టిక తేలిగ్గా ఉండటానికి పెట్టుకున్న ఏర్పాటు అంతే. ఫిబ్రవరిలో పట్టిన చేపకు చలికాలపు పట్టీ ఇంకా పూర్తికాకపోయినా దాన్ని లెక్కలో కలుపుతారు.

చెవిరాయిలో గీతలు లెక్కపెట్టడం నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు. ఆ గీత నిజంగా ఏడాదికొకటో రోజుకొకటో పడుతోందని నిరూపించడమే అసలు పని. చల్లని నీటి చేపల విషయంలో ఈ నిరూపణ లేకపోవడం వల్ల జరిగినంత నష్టం ఇంకెక్కడా జరగలేదు. ఆరెంజ్ రఫీ ఉదాహరణ చూడండి. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దగ్గర లోతైన చల్లని నీటిలో గుట్టల మీద గుంపులుగా ఉంటుంది. వేట జోరందుకున్న రోజుల్లో దాని ఆయుర్దాయాన్ని చాలా తక్కువగా అంచనా వేశారు. 1991లో ఆస్ట్రేలియా పరిశోధకులు చెవిరాళ్లలోని రేడియం-226, సీసం-210 నిష్పత్తిని కొలిస్తే నూరేళ్లు దాటిన చేపలు బయటపడ్డాయి. పాతిక, ముప్ఫై ఏళ్లకు గాని గుడ్లు పెట్టని చేపను ఆ లెక్క తేలేలోపే గుంపులకు గుంపులుగా తోడేశారు.

ఇలా ఎందుకు తప్పుతామంటే, చల్లని నీటి ముసలి చేప పొడవు పెరగడం దాదాపు ఆగిపోతుంది, చెవిరాయి మాత్రం లోపలి వైపు మందమవుతూనే ఉంటుంది. పై నుంచి చూసేవారికి కొత్త పట్టీలు కనిపించవు. రాయిని కేంద్రం మీదుగా అడ్డంగా విరిచి, స్పిరిట్ దీపం మంట మీద కాస్త కాలిస్తే మాంసకృత్తు ఎక్కువున్న పట్టీలు గోధుమ రంగుకు తిరిగి దాగినవన్నీ బయటపడతాయి. అలస్కా, కెనడా తీరాల రాక్‌ఫిష్‌లు ఈ పద్ధతితోనే పాతిక ముప్ఫై ఏళ్ల నుంచి ఎనభై తొంభైల్లోకి వెళ్లాయి. పొలుసులతో వయసు చెప్పే వ్యాసం ఏదైనా, అదీ ముసలి చేపల గురించైతే, నేను మొదటి పుట దాటి చదవను.

నిరూపణకు దారులు చాలా ఉన్నాయి. 1950లు, 60ల అణుపరీక్షల వల్ల సముద్రంలోకి చేరిన కార్బన్-14 చెవిరాయి కేంద్రంలో ఎంత ఉందో చూసి పుట్టిన ఏడాదిని పట్టుకోవచ్చు. గ్రీన్‌లాండ్ సొరచేపకు ఇలాంటి రాయే లేదు కనుక 2016లో కంటి కటకం కేంద్రాన్ని తీసుకుని అదే కార్బన్‌తో లెక్కించి, వాటిలో అతిపెద్ద చేపకు కనీసం 272 ఏళ్లని తేల్చారు. బతికున్న చేపను ఆక్సీటెట్రాసైక్లిన్‌తోనో అలిజరిన్‌తోనో గుర్తుపెట్టి, కొన్నాళ్లకు మళ్లీ పట్టి, గుర్తు తర్వాత ఎన్ని వలయాలు పడ్డాయో చూడవచ్చు. అన్నిటికన్నా నమ్మదగినది పుట్టిన తేదీ తెలిసిన చేప. అది మీకు వరంగల్‌లోనే దొరుకుతుంది. దాని దగ్గరకు వస్తాను.

ఈలోగా చల్లని నీటి పిల్లల విషయంలో ఒక హెచ్చరిక. 1982లో ఆడ్రీ జెఫెన్ హెర్రింగ్, టర్బట్ పిల్లలను ప్రయోగశాలలో పెంచి చూస్తే, నిదానంగా ఎదిగిన పిల్లల్లో రోజుకొక వలయం కనిపించలేదు. వలయం అసలు పడలేదా, లేక పడినా మన కంటికి అందలేదా అన్న చర్చ తర్వాత చాలాకాలం సాగింది. మామూలు సూక్ష్మదర్శిని అర మైక్రాన్ కంటే సన్నని వలయాలను నమ్మకంగా విడదీసి చూపలేదు. 3 డిగ్రీల నీటిలో ఆకలితో ఉన్న పిల్ల వలయాలు అంతకన్నా సన్నగా ఉండవచ్చు. కనుక అటువంటి పిల్లలో మీరు 25 లెక్కపెడితే, ‘కనీసం 25 రోజులు’ అని రాయండి. ప్లేస్ వంటి బల్లపరుపు చేపల్లో ఇంకో చిక్కుంది. కన్ను మారే సమయంలో రాయి అంచున కొత్త కేంద్రాలు పుడతాయి. అప్పటిదాకా ఒకే నడిబొడ్డు చుట్టూ చక్కగా సాగిన వలయాలు ఆ తర్వాత నాలుగైదు చోట్ల నుంచి బయలుదేరి ఒకదాన్నొకటి ఢీకొంటాయి. మొదటిసారి చూసినవారు స్లైడు పాడైందనుకుంటారు. నిజానికి చేప అడుగుకు దిగిన కాలానికి దొరికే సాక్ష్యం ఆ గజిబిజే.

ఇక మన ఊరి పని. మార్కెట్లో దొరికే చేపల్లో మీకు రెండు రకాల బడులున్నాయి. కొర్రమీను, ఇసుకదొందు ఒక బడి. వీటిలో సజిట్టా పెద్దది, కాడ్, ప్లేస్‌లలో చదివేదీ సజిట్టాయే. పైగా ఇసుకదొందు అడుగున ఇసుకను అంటిపెట్టుకుని బతికే చేప, మీ అంశానికి దూరపు చుట్టం కూడా. రోహు, బొచ్చె, బంగారు తీగ రెండో బడి. వీటిలో సజిట్టా సూదిలా సన్నగా ఉండి ముట్టుకుంటే విరుగుతుంది, రోజువారీ వలయాలకు లాపిల్లస్‌ను చదవాలి. కాడ్ మీద రాసిన పద్ధతిని తెచ్చి రోహు సజిట్టా మీద ప్రయోగించి ఏమీ కనిపించడం లేదని విసుగుపడేవారు చాలామంది. అది చేప తప్పు కాదు.

కొర్రమీను తల పులుసుకు పోతుంది గనుక ఊరికే ఇవ్వరు. కోసేవారితో ముందే మాట్లాడుకుని, తల పై చిప్పను కళ్ల వెనక నుంచి మెడ దాకా పలచగా లేపించండి. మెదడు కనిపిస్తుంది. దాన్ని పక్కకు తొలగిస్తే వెనక భాగంలో అడుగున కుడి ఎడమల రెండు గుంటల్లో తెల్లని రాళ్లు ఉంటాయి. సన్నని చిమటాతో తీసి, చుట్టూ ఉన్న పొరను నీళ్లలో వేళ్లతో రుద్ది, ఆరబెట్టి, కాగితపు కవరులో వేసి మీద పొడవు, బరువు, మగా ఆడా, చెరువు పేరు, తేదీ రాయండి. తల పులుసుకు ఏ లోటూ రాదు. మృగశిర కార్తె నాడు మాత్రం ఈ బేరం పెట్టుకోకండి, ఆ రద్దీలో తిట్లు తింటారు. మర్నాడు వెళ్లండి. పాకాల, రామప్ప, లక్నవరం వైపు చెరువు సంఘాల వారితో పరిచయం పెంచుకుంటే ఇసుకదొందుల వంటి చిన్న చేపలు, అమ్మకానికి పనికిరానివి, అడిగితే ఇస్తారు.

రాయిని స్లైడు మీద వేడికి కరిగే జిగురుతో అతికించి, హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సన్న రకం నీటి ఎమరీ కాగితంతో తడిపి రుద్దండి. చివర్లో 3, 1 మైక్రాన్ పాలిషింగ్ పొరలు తెప్పించుకోవాలి, వాటికి ప్రత్యామ్నాయం లేదు. కొద్దిగా రుద్దడం, కడగడం, సూక్ష్మదర్శినిలో చూడటం, మళ్లీ రుద్దడం. వలయాలు మసకగా ఉన్నాయంటే ఇంకా మందంగా ఉన్నట్టు. కేంద్రం స్పష్టమైన క్షణాన చేయి ఆగాలి. ఆ తర్వాత ఇంకో నాలుగు రుద్దులు పడితే మొదటి పది రోజుల వలయాలు ఎమరీ కాగితానికి అంటుకుపోతాయి. ఆ చేపకు అవి మళ్లీ రావు.

జంతుశాస్త్ర విభాగాల్లో చేప అనగానే ఫార్మలిన్ సీసా తీసే అలవాటుంది. చెవిరాయి పనికి అది విషం. ఫార్మలిన్ నిలవున్నకొద్దీ ఆమ్లమవుతుంది, చిన్నపిల్లల రాళ్లను ముందు గరుకుగా చేసి తర్వాత మాయం చేస్తుంది. 95 శాతం ఇథనాల్‌లో వేయండి, మర్నాడు ఆ ద్రవాన్ని మార్చండి. పిల్ల పొడవు కూడా బతికుండగానో అప్పుడే పట్టినప్పుడో కొలవాలి. వలలో నలిగి, ద్రవంలో నిలవుండి పిల్లలు కుదించుకుపోతాయి. ఆ కుదింపు మీరు కొలిచే ఎదుగుదల కన్నా పెద్దదై కూర్చుంటుంది.

ఇప్పుడు పుట్టిన తేదీ తెలిసిన చేప. వానాకాలంలో విత్తన క్షేత్రాన్ని సంప్రదించండి. రోహు గుడ్లు ఏ రోజు పగిలాయో వారి పుస్తకంలో ఉంటుంది. అదే బ్యాచ్ నుంచి పది, పదిహేను, ఇరవై, ముప్ఫై రోజుల పిల్లలను కొన్నికొన్ని తీసుకుని, స్లైడుల మీద వయసు రాయకుండా అంకెలు మాత్రం వేసి, కలగలిపి, మీ స్నేహితుల్లో ఒకరితోనూ విడిగా చదివించండి. మీ ఇద్దరి లెక్కల మధ్య తేడాను వ్యత్యాస గుణకంగా, అంటే సగటులో ఎంత శాతమో, చూస్తారు. 5 శాతం లోపుంటే బాగున్నట్టని స్టీవెన్ కంపానా 2001లో సూచించిన ప్రమాణాన్నే చాలా ప్రయోగశాలలు ఆదర్శంగా పెట్టుకుంటాయి. ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నంత మాత్రాన అది నిజమని కాదు, ఇద్దరూ కలిసి తప్పవచ్చు. అందుకే పుస్తకంలోని తేదీతో పోల్చాలి.

చలి సంగతి తెలుసుకోవడానికి బంగారు తీగ పనికొస్తుంది. మన దగ్గర జనవరి నుంచి మార్చి లోపు కూడా గుడ్లు పెడుతుంది, రోహు కన్నా చల్లని నీటిని ఓర్చుకుంటుంది. ఒకే బ్యాచ్ పిల్లలను రెండు తొట్లలో పెట్టండి. ఒకటి గది వేడిలో, రెండోది చల్లబరచిన గదిలో. మేత సమానం. విభాగంలో ఎముకలకు రంగు వేయడానికి వాడే అలిజరిన్ ఉంటుంది కదా, పలచని ద్రావణంలో పిల్లలను కొన్ని గంటలు ఉంచితే రాయిలో ఎర్రని గీత పడుతుంది. ఫ్లోరెసెన్స్ సూక్ష్మదర్శిని ఉంటే ఆ గీత వెలుగుతుంది. గీత తర్వాత రెండు తొట్ల పిల్లల్లో ఎన్ని వలయాలున్నాయి, ఎంత వెడల్పున ఉన్నాయి? ఏ వెడల్పు దగ్గర మీ కన్ను తడబడటం మొదలైంది? ఆ హద్దు కాగితం మీద పెట్టగలిగితే చల్లని నీటి చేప పిల్ల దశ పరిశోధనలో సగం పాఠం అయిపోయినట్టే. కళాశాల జంతు ప్రయోగాల కమిటీ అనుమతి ముందే తీసుకోండి, తర్వాత వ్యాసం ప్రచురించేటప్పుడు అడుగుతారు.

ఎదుగుదల లెక్కల దగ్గర మన చదువు నేర్పిన అలవాటొకటి వదులుకోవాలి. ఉష్ణమండల చేపలకు వయసు చదవడం కష్టమని డేనియల్ పౌలీ వంటివారు పొడవుల పంపిణీ నుంచే ఎదుగుదలను రాబట్టే పద్ధతులు తయారుచేశారు. మన దేశంలో చేపల మీద వచ్చే సిద్ధాంత గ్రంథాల్లో చాలా వాటితోనే నడుస్తాయి. గబగబా పెరిగి తొందరగా చచ్చే చేపకు అవి సరిపోతాయి. ఇరవై ఏళ్లు బతికే ప్లేస్, ముప్ఫై ఏళ్లు బతికే హాలిబట్ దగ్గర ఎనిమిదేళ్ల చేపా పద్నాలుగేళ్ల చేపా ఒకే పొడవున ఉంటాయి, తరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. మొదటి ఒకటి రెండేళ్ల వరకే పొడవుల గుట్టలు విడిగా కనిపిస్తాయి. ఆపైన చెవిరాయి తప్ప దారి లేదు.

వయసుతో పొడవు ఎలా పెరుగుతుందో చెప్పే బెర్టలాన్ఫీ సమీకరణం మీకు తెలిసే ఉంటుంది. అందులోని ఎల్ ఇన్ఫినిటీ (చేప చివరికి చేరే సగటు పొడవు), కె (దాన్ని చేరే వేగం) ఒకదాన్నొకటి లాగుతుంటాయి, ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. సముద్రపు వల కన్ను పెద్దది గనుక చిన్న చేపలు జారిపోతాయి. ఏడాది వయసువాటిలో త్వరగా ఎదిగినవే వలలో పడతాయి. ఫలితంగా కె తక్కువగా, టీ జీరో (లెక్క ప్రకారం పొడవు సున్నా అయ్యే వయసు) సున్నాకు ఎంతో దిగువన వస్తుంది. టీ జీరో మైనస్ మూడు అని వచ్చిన పట్టికను చూస్తే, పిల్ల చేపల నమూనాలు లేవని వెంటనే అర్థం చేసుకోండి. మగ, ఆడ వక్రరేఖలు వేరువేరుగా గీయండి. ప్లేస్‌లో, హాలిబట్‌లో ఆడ చేప మగదాని కన్నా చాలా పెద్దదవుతుంది. గుడ్డు నుంచి అడుగుకు దిగేదాకా ఉన్న దశకు ఈ సమీకరణం వాడకండి, గాంపెర్ట్జ్ అనే మరో ఎదుగుదల రేఖ నప్పుతుంది. చెవిరాయి వెడల్పు నుంచి పాత పొడవును వెనక్కి లెక్కించేటప్పుడు కూడా జాగ్రత్త. ఒకే పొడవున్న రెండు చేపల్లో నిదానంగా ఎదిగినదాని రాయే పెద్దది. రాయి, ఒళ్లు సమానంగా పెరిగాయనుకుని గుణిస్తే చల్లని నీటి చేపకు లెక్క తప్పుతుంది.

సమాచారం కోసం ఓడ ఎక్కవలసిన పని లేదు. 1902లో ఏర్పడి కోపెన్‌హేగెన్ కేంద్రంగా నడుస్తున్న అంతర్జాతీయ సముద్ర పరిశోధన మండలి, ఐసీఈఎస్, తన డాట్రాస్ నిధిలో ఉత్తర సముద్రపు వల సర్వేల సమాచారాన్ని ఎవరికైనా ఉచితంగా ఇస్తుంది. వయసు చదివిన చేపలకు పొడవు, లింగం, వయసు ఉంటాయి. అలస్కా వైపు తూర్పు బేరింగ్ సముద్రపు అడుగు వల సర్వే సమాచారాన్నీ అమెరికా బహిరంగంగా ఉంచింది. అక్కడ 2 డిగ్రీల లోపు అడుగు నీటిని చల్లని మడుగు అంటారు. శీతకాలపు మంచు దాని విస్తీర్ణాన్ని నిర్ణయిస్తుంది. 2018లో మంచు బాగా తగ్గి ఆ మడుగు దాదాపు కనుమరుగైనప్పుడు కాడ్ ఉత్తరానికి కదిలిపోయింది. ఈ రెండు నిధుల్లో ఏది తీసుకున్నా, ఏ త్రైమాసికపు సర్వే, ఏ వల అన్నది చూడకుండా సంవత్సరాలన్నిటినీ కలిపేయకండి. జనవరి ఏడాది పిల్లకూ ఆగస్టు ఏడాది పిల్లకూ పొడవులో ఎంతో తేడా.

మన దేశంలో దారులు మూడు. భీమ్‌తాల్‌లోని శీతల జల మత్స్య పరిశోధన సంస్థ హిమాలయ చేపల మీద పనిచేస్తుంది. అక్కడి స్నో ట్రౌట్ రాళ్లకు అంటిన పాచిని అడుగు నుంచి గీకి తినే చేప. రోహు కుటుంబానిదే కాబట్టి మీరు బంగారు తీగ లాపిల్లస్ మీద నేర్చినది నేరుగా పనికొస్తుంది. కొచ్చిలోని సముద్ర జీవ వనరుల కేంద్రం సాగర్ సంపద నౌకతో లోతు జలాల అడుగు చేపలను పట్టి చూస్తుంది. బంగాళాఖాతంలోనూ వెయ్యి మీటర్ల లోతున నీరు 10 డిగ్రీల లోపే. చల్లని అడుగు మనకూ ఉంది, కాకపోతే అక్కడ రుతువులు లేవు గనుక వలయాల అర్థం తేల్చడం మరీ కష్టం. మూడోది గోవాలోని ధ్రువ పరిశోధన కేంద్రం, అంటార్కిటికా. అక్కడి వెడెల్ సముద్రంలో ఐస్‌ఫిష్ గూళ్లు సుమారు 6 కోట్లున్న కాలనీని 2021లో కనుగొన్నారు. గుడ్లను కాచుకునే ఆ చేపల బాల్యం మీద చేయవలసిన పని బోలెడంత.

నన్నడిగితే, మొదటి వ్యాసానికి డాట్రాస్‌లోని బీమ్ ట్రాల్ (అడుగున ఈడ్చే వల) సర్వే నుంచి ఒకటి, రెండేళ్ల ప్లేస్ పొడవులు తీసుకుని, ఆ తీరపు నీటి ఉష్ణోగ్రతతోనూ, ఆ తరం సంఖ్యాబలంతోనూ పోల్చండి. పిల్లలు ఎక్కువైన ఏడాది ఒక్కో పిల్ల చిన్నదిగా ఉందా అన్న ప్రశ్న ఒక్కటే ఏడాది పనికి సరిపోతుంది. స్నో ట్రౌట్‌ను పీహెచ్‌డీకి ఉంచుకోండి, స్వయంగా నీటిలోకి దిగి పట్టగలిగే చేప అదే.

విదేశీ ప్రయోగశాలకు ఉత్తరం రాసేటప్పుడు ఆసక్తి గురించి పేరాలు రాయకండి, అవి అందరూ రాస్తారు. మీరు పాలిష్ చేసిన రోహు లాపిల్లస్ ఫోటో ఒకటి జతచేయండి. దాని కింద విత్తన క్షేత్రపు పుస్తకంలోని తేదీ ప్రకారం ఎన్ని రోజులో, మీరెన్ని లెక్కపెట్టారో, మీ స్నేహితుడు ఎన్ని లెక్కపెట్టాడో మూడు అంకెలు రాయండి. అంకెలు కలవకపోయినా అలాగే పంపండి, చదివేవారు ముందు చూసేది ఆ తేడానే. ఫోటో మీద మైక్రాన్ల కొలగీత తప్పక ఉండాలి. అది లేని ఫోటోను ఎవరూ రెండోసారి చూడరు.